ఇంటిపేరును మధ్యలో దాచుకున్న మనిషి

శాన్‌ఫ్రాన్సిస్కో చైనాటౌన్‌లో అందరూ ఫొటోలు తీసుకునే ఆ వంపు తిరిగిన పగోడా కప్పులు చైనా నుంచి వచ్చినవి కావు. 1906 ఏప్రిల్ 18న భూకంపం వచ్చి, దాని వెనకే మంటలు లేచి ఊరు కాలిపోయినప్పుడు చైనాటౌన్ కూడా బూడిదైంది. ఊరి పెద్దలకు అది కలిసొచ్చింది. నడిబొడ్డున ఉన్న ఖరీదైన జాగా తీసేసుకుని, చైనావాళ్లను దక్షిణాన హంటర్స్ పాయింట్ మూలకు తోలేయాలని చూశారు. చైనా వర్తకులు కదిలేది లేదన్నారు. వాళ్లలో లుక్ టిన్ ఎలి అనే ఆయన ఒక ఉపాయం పన్నాడు. అమెరికన్ ఆర్కిటెక్టులను పిలిపించి, చైనా ఎలా ఉంటుందని అమెరికన్లు ఊహించుకుంటారో అచ్చం అలాగే కట్టించాడు. చూడ్డానికి జనం వస్తారు, జనంతో డబ్బొస్తుంది, డబ్బు తెచ్చే పేటను ఎవరూ ఖాళీ చేయించరు. గ్రాంట్, కాలిఫోర్నియా వీధులు కలిసేచోట ఎదురెదురుగా ఉన్న సింగ్ ఫ్యాట్, సింగ్ చాంగ్ భవనాలు ఆ ఉపాయంలోంచి పుట్టినవే.

మా అమ్మాయి వాళ్లది ఫ్రీమాంట్. అక్కడికి వెళ్లిన తల్లిదండ్రులందరికీ చూడాల్సినవాటి పట్టిక దాదాపు ఒకటే ఉంటుంది: గోల్డెన్ గేట్ వంతెన, లివర్‌మోర్ గుడి, గూగుల్ ఆఫీసు ముందు ఒక ఫొటో. చైనాటౌన్ ఆ పట్టికలో అరగంట మజిలీ. డ్రాగన్ గేటు కింద నిలబడి, ఒక విసనకర్ర కొనుక్కుని కారెక్కడమే. నేను మాత్రం రోజంతా అక్కడే ఉంటానన్నాను. “ఏముంది నాన్నా అక్కడ, అన్నీ కీచెయిన్లు” అంది మా అమ్మాయి. కీచెయిన్ల మాట నిజమే. కానీ ఆ కీచెయిన్ల వీధికి ఒక వీధి అవతల వేరే ఊరుంది.

ఫ్రీమాంట్ నుంచి బార్ట్ రైల్లో పావెల్ స్టేషన్ దాకా వచ్చి, అక్కడ నేలకింద నడిచి ఇంకో రైలెక్కితే చైనాటౌన్ స్టేషన్. 2022 చివర్లో తెరిచారు. ఎస్కలేటర్ల మీద పైకి, ఇంకా పైకి వస్తూ ఉంటే చివరికి స్టాక్టన్ వీధిలో తేలతాం. ఆ కూరగాయల దుకాణాల దగ్గర మన ప్రాణం లేచొస్తుంది. కాకరకాయలు, సొరకాయలు, చామదుంపలు పేవ్‌మెంటు మీదికి పొంగుకొస్తుంటాయి. గాజు తొట్లలో చేపలు, కొక్కేలకు వేలాడే కాల్చిన బాతులు. చక్రాల సంచులు లాక్కుంటూ వచ్చిన ముసలమ్మలు ఒక్కో కాయా నొక్కి చూసి, వద్దని పక్కన పెట్టి, మళ్లీ అదే తీసుకుంటున్నారు. బేరం ఏ భాషలో ఆడినా ముఖాలు ఒకటే.

వాషింగ్టన్ వీధి దిగుతుంటే మూడంతస్తుల కప్పుతో చిన్న గుడిలాంటి భవనం కనిపించింది. ఇప్పుడది బ్యాంకు. 1909లో కట్టినప్పుడు చైనీస్ టెలిఫోన్ ఎక్స్ఛేంజి. నా ఉద్యోగమంతా టెలిఫోన్ శాఖలోనే గడిచింది కాబట్టి అక్కడ కాస్త ఎక్కువసేపే నిలబడ్డాను. అప్పట్లో ఇక్కడ ఫోను ఎత్తి నంబరు చెప్పడం మర్యాద కాదట. మనిషిని నంబరుతో పిలవడం ఏమిటన్నది వాళ్ల పట్టింపు. పేరు చెప్పాలి. ఆ పేరుతో పదిమంది ఉంటే ఫలానా వీధిలో ఫలానా పని చేసే ఆయన అనాలి. ఆపరేటర్లు చందాదారులందరి పేర్లూ, ఇళ్లూ, కొలువులూ కంఠతా పట్టి, నాలుగైదు చైనా మాండలికాల్లో పలికేవారు. ట్రంక్ కాల్ బుక్ చేసి సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చున్న తరానికి ఆ ఆపరేటర్ల విలువ విడమరచి చెప్పక్కర్లేదు. 1949లో డయల్ ఫోన్లు వచ్చి ఎక్స్ఛేంజి మూతపడింది. పేటలో ఎవరు ఎక్కడుంటారో మొత్తం తెలిసిన ఆ బుర్రలు ఇళ్లకు వెళ్లిపోయాయి. అలాంటివి ఎవరైనా కాగితం మీద పెట్టకపోతే అంతే సంగతులు.

కాగితం మీద పెట్టిన మనిషి పేరే ఇక్కడి లైబ్రరీకి ఉంది. పావెల్ వీధిలో, కేబుల్ కార్లు గంట కొట్టుకుంటూ ఎక్కే ఏటవాలులో, 1921లో కార్నెగీ సొమ్ముతో కట్టిన గ్రంథాలయం అది. బోర్డు మీద ‘చైనాటౌన్/హిమ్ మార్క్ లై’ శాఖ అని ఉంటుంది. లోపల చైనా పత్రికలు తిరగేస్తున్న తాతలు, బల్లల దగ్గర హోంవర్కు చేసుకుంటున్న పిల్లలు. హిమ్ మార్క్ లై అంటే ఏ ప్రొఫెసరో, ఏ నాయకుడో అనుకుంటాం. ఆయన మెకానికల్ ఇంజనీరు. 1925లో ఈ పేటలోనే పుట్టి, 1947లో బర్కిలీలో పట్టా పుచ్చుకుని, 1953 నుంచి మూడు దశాబ్దాలు బెక్టెల్ కంపెనీలో పనిచేశాడు. చరిత్రలో ఆయనకు డిగ్రీ లేదు. చైనీస్ అమెరికన్ చరిత్ర రాసిన ప్రొఫెసర్లంతా ఆయన్ను మా పెద్దదిక్కు అంటారు.

ఆయన పేరులోనే పేట చరిత్ర సగం ఉంది. 1882లో అమెరికా చైనా కూలీల రాకను నిషేధిస్తూ చట్టం చేసింది. ఒక జాతిని పేరుపెట్టి గుమ్మం బయట నిలబెట్టిన ఆ చట్టం 1943 దాకా అమల్లో ఉంది. ఎత్తేశాక కూడా ఏడాదికి 105 మందికే అనుమతి. పౌరుడి కొడుకైతే మాత్రం రావచ్చు. 1906 మంటల్లో ఊరి జనన రికార్డులు కాలిపోయాయి కదా, చాలామంది నేను ఇక్కడే పుట్టానన్నారు. కాదనడానికి సర్కారు దగ్గర కాగితం లేదు. అలా పౌరుడైనవాడు చైనా వెళ్లొచ్చినప్పుడల్లా నాకు అక్కడ కొడుకు పుట్టాడని రాయించేవాడు. ఆ లేని కొడుకు స్థానాన్ని బంధువుకో, సొమ్ము పెట్టగలిగిన పొరుగూరివాడికో ఇచ్చేవాడు. వాళ్లే ‘కాగితపు కొడుకులు’. లై తండ్రి అలా వచ్చినవాడే. అసలు ఇంటిపేరు మార్క్. కాగితంలో లై. కొడుకు పుట్టినప్పుడు సర్కారు కోసం లై చివర పెట్టి, మార్క్‌ను మధ్యలో ఇరికించి నిలబెట్టుకున్నాడు. మన పిల్లల పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు ఒకచోట ఉండలేక అటూ ఇటూ గెంతడం మనకు తెలుసు. మనది ఫారం నింపడంలో వచ్చే చిక్కు. వాళ్లది బయటపడితే ఓడ ఎక్కించి పంపేసే రహస్యం.

అందుకే ఈ పేట కాగితానికి భయపడింది. దొంగ తండ్రి ఇంటికి మెట్లెన్ని, బియ్యం జాడీ ఏ గదిలో ఉంటుంది, ఊరి చెరువు ఇంటికి ఏ దిక్కున, మూడో ఇంటాయనకు పిల్లలెందరు – ఇలాంటివన్నీ రాసిన పుస్తకాలను ఓడలో బట్టీపట్టి, రేవు కనపడగానే సముద్రంలో పడేసేవారు. 1950లలో ఇంకో భయం మొదలైంది. చైనాలో కమ్యూనిస్టులు వచ్చారు, ఇక్కడ చైనావాళ్లంతా అనుమానితులయ్యారు. లై యువకుడిగా పనిచేసిన మున్ చింగ్ అనే వామపక్ష యువజన సంఘం మీద ఎఫ్‌బీఐ కన్నేసింది. 1956 నుంచి సర్కారే, నిజం చెప్పుకుంటే సర్దుబాటు చేస్తామని ఒక పథకం పెట్టింది. పదమూడు వేలమందికి పైగా ఒప్పుకున్నారు. ఒకడు ఒప్పుకుంటే ఆ కాగితపు వంశం మొత్తం బయటపడుతుంది. అన్నదమ్ముల మధ్య మాటలు పోయాయి. పిల్లలకు ఏమీ చెప్పకపోవడం, ఉత్తరాలూ ఫొటోలూ ఉంచుకోకపోవడం పేట మొత్తానికి అలవాటైంది. అలాంటి చోట పుట్టినవాడు కాగితాలు పోగుచేయడం మొదలుపెట్టాడు!

ఆయనకున్న పెద్ద ఆయుధం రెండు భాషలు. పగలు ఇంగ్లిషు బడి, సాయంత్రం చైనా బడి అన్నది అప్పట్లో పేట పిల్లలందరి దినచర్య. తోటివాళ్లు సాయంత్రపు బడిని పెద్దయ్యాక మరిచిపోయారు, ఈయన మరవలేదు. అంతకుముందు చైనావాళ్ల గురించి రాసిన అమెరికన్లు ఇంగ్లిషు పత్రికలు చదివి రాశారు. ఆ పత్రికల నిండా నల్లమందు కొంపలూ, ముఠా కత్తిపోట్లూ. లై పేటవాళ్లు తమ కోసం తాము వేసుకున్న పత్రికలు చదివాడు. శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదటి చైనా పత్రిక 1854లోనే వచ్చింది. అక్కడి నుంచి 1975 వరకు ఉత్తర అమెరికాలో వెలువడిన చైనా పత్రికలన్నిటికీ కార్ల్ లో అనే ఆయనతో కలిసి పట్టిక తయారుచేసి 1977లో అచ్చువేయించాడు. పట్టిక ఎవరూ చదవరు. కానీ ఆ తర్వాత ఈ చరిత్ర రాసిన ప్రతివాడూ ముందు ఆ గుమ్మంలోనే కాలు పెట్టాడు. నా లెక్కలో ఆయన రాసిన పుస్తకాలన్నిటికంటే అదే గొప్ప పని.

ఆయనతో జోడీ కట్టినవాడు ఫిలిప్ చోయ్. ఆయనా పేటలో పుట్టినవాడే, వృత్తి ఆర్కిటెక్టు. 1963లో పుట్టిన చైనీస్ హిస్టారికల్ సొసైటీలో ఇద్దరూ పనిచేశారు. క్లే వీధిలో ఒకప్పటి మహిళా సంఘం (వైడబ్ల్యూసీఏ) భవనం ఇప్పుడు ఆ సొసైటీ మ్యూజియం. 1932లో ఆర్కిటెక్టు జూలియా మోర్గన్ కట్టిన ఎర్ర ఇటుకల ఇల్లు, చూడదగ్గది. 1969 మే 10న ఖండాంతర రైలుమార్గానికి నూరేళ్లు నిండాయి. ఆ దారికోసం సియెర్రా కొండల్ని తొలిచింది వేలాది చైనా కూలీలు. యూటాలో పండుగ. సొసైటీ అధ్యక్షుడి హోదాలో చోయ్ వెళ్లాడు. ఆయనకు మాట్లాడే వీలు దక్కలేదు. వేదికెక్కిన రవాణా మంత్రి, అంత మంచులో అన్ని సొరంగాలు తొలవడం అమెరికన్లకు తప్ప ఇంకెవరికి చేతనయ్యేదని ప్రసంగించి కూర్చున్నాడు. ఆ కూలీలకు అమెరికన్లు కావడానికి చట్టమే ఒప్పుకోలేదని ఆయనకెవరూ గుర్తుచేయలేదు కాబోలు.

అదే ఏడాది శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్ కాలేజీలో విద్యార్థులు నెలల తరబడి సమ్మె చేసి, మా జాతుల చరిత్ర మాకు చెప్పండని సాధించుకున్నారు. చెప్పడానికి ప్రొఫెసర్లు లేరు. ఇంజనీరూ ఆర్కిటెక్టూ వెళ్లి చెప్పారు. అమెరికాలో ఒక కాలేజీ చైనీస్ అమెరికన్ చరిత్రను పాఠంగా పెట్టడం అదే మొదలు. పుస్తకం లేదు కనుక పాఠ్యప్రణాళికనూ వాళ్లే రాసుకున్నారు. ఇదంతా ఆఫీసు అయ్యాక, సెలవు రోజుల్లో.

సాక్రమెంటో వీధిలో నడుస్తుంటే మా అమ్మాయి ఫోను. తిన్నావా, కాళ్లు నొప్పా, ఎక్కడున్నావు. “నీ కొడుకు పౌరసత్వం పుట్టిన వీధిలో” అన్నాను. వాంగ్ కిమ్ ఆర్క్ అనే వంటవాడు ఈ పేట బిడ్డ. చైనా వెళ్లి 1895లో తిరిగొస్తే నువ్వు అమెరికన్‌వి కావని ఓడలోనే ఆపేశారు. కోర్టుకు వెళ్లాడు. ఇక్కడి నేల మీద పుట్టినవాడు, తల్లిదండ్రులు పరాయి దేశస్థులైనా, ఇక్కడి పౌరుడేనని 1898లో సుప్రీంకోర్టు తేల్చింది. హెచ్-1బీ మీద ఉన్న మన దంపతులకు పుట్టిన పిల్లల నీలం పాస్‌పోర్టుకు వేరు ఆ తీర్పులో ఉంది. ఆయన పేరు మా వాళ్ల ఇంట్లో ఎవరికీ తెలియదు. మా వాళ్లనే ఎందుకనాలి, అక్కడ నేను కలిసిన తెలుగువాళ్లలో ఒక్కరికీ తెలియదు.

ఇంకో రోజు ఫెర్రీ ఎక్కి ఏంజెల్ ఐలండ్ వెళ్లాను. ఈసారి మా అల్లుడూ వచ్చాడు. గాలి కోసేస్తుంది, స్వెట్టర్ తప్పదు. పడవ దిగినచోటి నుంచి ఇమిగ్రేషన్ స్టేషన్ దాకా ఏటవాలు దారి. కిందికి చూస్తే నీలం నీళ్లు, తెల్లటి తెరచాప పడవలు. ఇంత అందమైన చోట జైలు పెట్టారంటే నమ్మబుద్ధి కాదు. 1910 నుంచి 1940 వరకు పసిఫిక్ మీదుగా వచ్చిన చైనావాళ్లను ఇక్కడే ఆపి, బియ్యం జాడీల ప్రశ్నలు వేసేవారు. జవాబులు తండ్రి చెప్పినవాటితో సరిపోయేదాకా బందీలే. కొందరికి రోజులు, కొందరికి నెలలు, ఏడాది దాటినవాళ్లూ ఉన్నారు. జపాన్ వాళ్లు, రష్యన్లు, మన పంజాబీలు కూడా ఈ బారకాసుల్లో ఉన్నవాళ్లే.

మంచాలు మూడంతస్తులుగా, మనిషి పక్కకు ఒత్తిగిలడమే కష్టమన్నట్టు ఉన్నాయి. గోడల నిండా అక్షరాలు. బందీలు చెక్కమీద కత్తిమొనతో ప్రాచీన చైనా ఛందస్సులో పద్యాలు చెక్కారు. అధికారులు వాటిని పుట్టీతో పూడ్చి రంగులేయించేవారు, వీళ్లు మళ్లీ చెక్కేవారు. ఆ పుట్టీయే కింది అక్షరాలను కాపాడింది. 1940లో పాలనా భవనం కాలిపోయి స్టేషను మూతపడింది. దీవి రాష్ట్ర పార్కయ్యాక పాడుబడ్డ ఇళ్లు కూల్చేద్దామనుకున్నారు. 1970లో అలెగ్జాండర్ వైస్ అనే పార్కు ఉద్యోగి టార్చిలైటు వేసుకుని తిరుగుతూ గోడమీద గీతలు చూశాడు. ఏం రాసి ఉందో చదవలేడు, కానీ ఇది గోకుడు కాదని గ్రహించాడు. పైవాళ్లు పట్టించుకోలేదు. తనకు తెలిసిన ప్రొఫెసరు జార్జి అరాకీకి చెప్పాడు, ఫొటోలు తీశారు, పేటలో కదలిక వచ్చింది. 1976లో చట్టసభ రెండున్నర లక్షల డాలర్లు ఇచ్చి బారకాసును నిలబెట్టింది. లై, జెన్నీ లిమ్, జూడీ యంగ్ ముగ్గురూ ఈ దీవి మీదుగా వచ్చినవాళ్ల పిల్లలే. ఆ పద్యాలను చదివి, ఇంగ్లిషు చేసి, బతికున్న బందీలను కూర్చోబెట్టి మాట్లాడించి, 1980లో ‘ఐలండ్’ అనే పుస్తకంగా వేశారు. వేయడానికి ప్రచురణకర్త కోసం చూడలేదు, తామే వేసుకున్నారు.

ఆ గోడ ముందు మా అల్లుడు చాలాసేపు మాట్లాడలేదు. వీసా స్టాంపింగ్ కోసం కాన్సులేట్ బయట నిలబడ్డ అనుభవం అతనికీ ఉంది. రెండూ ఒకటని నేననను. అతనూ అనలేదు.

నాకు అన్నిటికంటే చిత్రంగా తోచింది ఆ ప్రశ్నల ఫైళ్ల గతి. మనుషుల్ని వెనక్కి పంపడానికి సర్కారు రాయించిన ఆ కాగితాలు పారేయలేదు. శాన్ బ్రూనోలో జాతీయ అభిలేఖాలయంలో భద్రంగా ఉన్నాయి. ఊరి నక్షాలు, ఏ వరసలో ఎవరి ఇల్లు, మేనత్తల పేర్లతో సహా. 1991లో లై, ఆల్బర్ట్ చెంగ్ కలిసి యువకులకు ఒక కార్యక్రమం మొదలుపెట్టారు. పిల్లలు ముందు తమ తాత ఫైలు చదవాలి, తర్వాత దాన్ని పట్టుకుని పెర్ల్ నదీముఖంలోని ఆ ఊరు వెతుక్కుంటూ వెళ్లాలి. తాత అబద్ధమాడి బయటపడిన కాగితం మనవణ్ణి అసలు ఊరికి చేర్చడం కంటే ఆ ఫైళ్లకు జరగదగిన శాస్తి ఇంకేముంటుంది!

లై 2009లో పోయాడు. ఇల్లంతా నింపిన పెట్టెలు బర్కిలీలో ఎథ్నిక్ స్టడీస్ లైబ్రరీకి చేరాయి. సంఘాల కరపత్రాలు, పత్రికల కత్తిరింపులు, సావనీర్లు, ఎన్నికల నోటీసులు. ఏ ఒక్కటీ విడిగా చూస్తే విలువైనది కాదు.

బర్కిలీ అనగానే మనకు గుర్తు రావలసిన పేరొకటుంది, దరిశి చెంచయ్య. కనిగిరి నుంచి 1912లో అమెరికా వెళ్లి, అక్కడ చదువుకుంటూ గదర్ విప్లవకారుల్లో కలిశాడు. 1913లో పుట్టిన ఆ పార్టీకి కేంద్రం శాన్‌ఫ్రాన్సిస్కోయే. ఆయన ‘నేనూ నా దేశం’ రాసుకున్నాడు కనుక సరిపోయింది. రాసుకోనివాళ్ల సంగతి? 1965లో వలస చట్టం మారాక వెళ్లిన మన డాక్టర్లు, ఇంజనీర్లు ఇప్పుడు ఎనభైలలో ఉన్నారు. 1977లో తానా తొలి మహాసభలకు వెళ్లినవాళ్లూ ముసలివాళ్లయ్యారు. ఫ్రీమాంట్‌లో మా అమ్మాయి వాళ్ల వీధిలోనే ఒక పెద్దాయన గరాజ్‌లో అట్టపెట్టెలు చూశాను. తెలుగు సంఘం తొలి రోజుల చేతిరాత ఆహ్వానాలు, సైక్లోస్టైల్ పత్రికలు, ఉగాది నాటకం ఫొటోలు, ఏరోగ్రామ్‌లు. ఇల్లు అమ్మి కొడుకు దగ్గరికి వెళ్లేముందు రీసైక్లింగ్ డబ్బాలో వేస్తానన్నాడు. చైనాటౌన్ వాళ్లు ప్రాణభయంతో పారేశారు. మనకు ఆ భయం లేదు, తీరిక లేదంతే.

ఆ పెద్దాయన పెట్టెలు ప్రస్తుతానికి మా అల్లుడి గరాజ్‌లోకి వచ్చాయి. ఇది చదివే బే ఏరియా వాళ్లకు ఒక మనవి. మీ వీధిలోనూ అలాంటి పెద్దాయన ఉంటాడు. వచ్చే శనివారం వెళ్లి, ఫోను రికార్డింగులో పెట్టి, ఏ ఏడాది ఏ విమానం దిగారో, మొదటి అద్దె ఇల్లు ఎక్కడో, మొదటి కందిపప్పు ఏ కొట్లో దొరికిందో అడగండి. ఫొటోల వెనక పేర్లూ తేదీలూ రాయించండి. రాయించేటప్పుడు తెలుగులోనూ ఇంగ్లిషులోనూ రాయించండి, మీ పిల్లలు ఏది చదవగలరో ఇప్పుడే చెప్పలేం.